‘నాన్నను నేనే చంపుకున్నాను’ అంటే మా కౌన్సెలర్ కాదనదేం?

గోదావరి జిల్లాల నుంచి ఓ పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయసు 38. బ్యాంకులో ఆఫీసరు, భర్త లెక్చరర్, ఇద్దరు పిల్లలు. కిందటేడాది మార్చి 31న ఇయర్ ఎండింగ్ పనిలో తలమునకలై ఉండగా, సాయంత్రం నాలుగింటికి ఊళ్లో ఉన్న నాన్న ఫోన్ చేశారు. “పొద్దుట్నుంచి పొట్ట పైన పట్టేసినట్టుందమ్మా, కాస్త ఆయాసంగా కూడా ఉంది” అన్నారు. ఆయనకు ఇరవై ఏళ్లుగా షుగర్. గ్యాస్ ఇబ్బందీ పాతదే. “గ్యాస్ అయ్యుంటుంది నాన్నా, మాత్ర వేసుకుని పడుకో, రాత్రికి మాట్లాడతా” అని ఈవిడ ఫోన్ పెట్టేశారు. ఎనిమిదింటికి ఊళ్లోని ఆర్‌ఎంపీ వచ్చి ఇంజెక్షన్ ఇచ్చి వెళ్లాడు. రాత్రి పదకొండింటికి గుండెపోటుతో నాన్న పోయారు.

పెద్దకర్మ రోజున అన్నయ్య అందరి ముందూ ఓ మాటన్నాడు: “నీకు చెప్పాడుగా. నాకొక్క ఫోన్ కొట్టి ఉంటే కారు పంపేవాణ్ని.” అప్పట్నుంచి ఆవిడ మనసులో ఒకటే వాక్యం: నాన్నను నేనే చంపుకున్నాను. నిద్ర లేదు. సాయంత్రం నాలుగింటికి ఫోన్ మోగితే గుండె దడ. అమ్మ దగ్గరకు ఒంటరిగా వెళ్లడం మానేశారు. ఆ నాలుగింటి ఫోన్ సంగతి అమ్మతో ఇంతవరకు నోరు తెరిచి మాట్లాడలేదు.

స్నేహితురాలి సలహాతో ఓ క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరకు వెళ్తున్నారు. వారానికోసారి, గురువారం. ఆరు సెషన్లు అయ్యాయి. అసలు ప్రశ్న ఇక్కడే ఉంది. “నేను ఏడుస్తూ ‘నేనే చంపాను మేడమ్’ అంటే, అందరిలా ‘అయ్యో, మీ తప్పేముంది’ అనదు. ‘ఆ రోజు నాలుగింటికి మీకు తెలిసినవి ఏమేమిటి?’ అని అడుగుతుంది. నన్ను బోనులో నిలబెట్టినట్టుంటుంది. కొన్ని మాటలంటే ముందుకు వంగి వింటుంది, కొన్నిటికి అసలు స్పందించదు. ‘నేనెందుకూ పనికిరాను’ అని నాలుగుసార్లన్నా, వినబడనట్టే ఉంది. అదే, ‘ఫోన్ పెట్టేశాక మనసు ఊరుకోక ఆరింటికి మళ్లీ చేశాను’ అన్నప్పుడు మాత్రం ‘ఆరింటికి మళ్లీ చేశారా? ఆ మాట ఇంతవరకు చెప్పలేదే’ అంది. నన్ను తనకు కావలసిన దారికి మళ్లిస్తోందా? మా ఆయన ‘డబ్బులిచ్చి మరీ ప్రశ్నలు వేయించుకోవడమేంటి, మానెయ్’ అంటున్నారు. ఒక్కోసారి ఇక ఉండి ఏం చేస్తానా అనిపిస్తుంది. మానేయనా, కొనసాగించనా?”

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అన్నిటికంటే ముందు, చివర్లో చిన్నగా రాసిన మాట గురించి. ‘ఉండి ఏం చేస్తాను’ అన్నది మీ కౌన్సెలర్‌కు చెప్పారో లేదో నాకు తెలియదు. చెప్పకపోతే గురువారం దాకా ఆగకుండా ఇవాళే ఫోన్ చేసి, ఇదే మాటల్లో చెప్పండి. మీ ఆయనకూ చెప్పండి. రాత్రివేళ ఆ ఆలోచన గట్టిగా పట్టుకుంటే 14416కు చేయండి. అది ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ లైను. డబ్బులు కట్టక్కర్లేదు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఇలా చేయొచ్చు, అలా చేయొచ్చు అనను. చెప్పి తీరండి.

ఇప్పుడు మీ ప్రశ్న. ‘నీ తప్పేం లేదు’ అనే మాట ఈ పద్నాలుగు నెలల్లో మీరు ఎన్నిసార్లు విని ఉంటారు? మీ ఆయన అన్నారు, అత్తగారు అన్నారు, బ్రాంచిలో వాళ్లు అన్నారు అని మీరే రాశారు. మరి విన్న ప్రతిసారీ మీరేం చేశారు? రెండో పేజీలో అదీ ఉంది: “వాళ్లకేం తెలుసు, నాన్న గొంతు విన్నది నేను కదా.” అంటే ఎవరు ఓదార్చినా మీరు లోపల ఎదురు వాదన మొదలుపెడుతున్నారు. వాళ్లు మీ తరఫు లాయరైతే మీరు మీ మీదే కేసు వేసిన లాయరు. వాదించిన కొద్దీ మీ కేసే గట్టిపడుతోంది.

కౌన్సెలింగ్ పనిలో కొత్తగా ఉన్నప్పుడు, ఓదార్చాలనే తొందరలో నేనూ ఆ తప్పు చేశాను. బిడ్డను పోగొట్టుకున్న ఓ తల్లి ఎదురుగా కూర్చుని “నేను సరిగ్గా చూసుకోలేదు” అంటే, ఆమె మాట పూర్తి కాకముందే “అలా అనుకోకూడదమ్మా, మీ తప్పు కానే కాదు” అన్నాను. ఆమె తలూపింది, కళ్లు తుడుచుకుంది, థాంక్స్ చెప్పింది. మళ్లీ రాలేదు. నా మాటతో ఆమె చెప్పాలనుకున్నది గొంతులోనే ఆగిపోయిందని నాకు చాలా కాలానికి గానీ అర్థం కాలేదు. ఆ దుఃఖాన్ని చూడలేక, నా ఇబ్బంది పోగొట్టుకోవడానికి అన్న మాట అది. ఆమె కోసం అన్నది కాదు.

నమ్మకాన్ని ఎదురుగా కొడితే అది ఇంకా బిగుసుకుంటుందని ఈ రంగంలో పనిచేసేవాళ్లు లెక్కగట్టి చూశారు కూడా. అమెరికాలో విలియం మిల్లర్ బృందం ఎక్కువగా తాగే వాళ్లతో కౌన్సెలర్లు మాట్లాడిన తీరును పరిశీలించి 1993లో ఓ అధ్యయనం ప్రచురించింది. కౌన్సెలర్ ఎంత గట్టిగా నిలదీసి వాదిస్తే, ఆ మనిషి ఏడాది తర్వాత అంత ఎక్కువ తాగుతున్నట్టు తేలింది. మీ సమస్య తాగుడు కాదు. కానీ మనసు పనిచేసే తీరు అదే. మనిషి ఎదుటివాళ్ల నోటి నుంచి విన్నదాని కంటే, తన నోటితో తాను అన్నదాన్ని ఎక్కువ నమ్ముతాడు.

మీ కౌన్సెలర్ మీ దగ్గర దాస్తున్నది ఏదైనా ఉంటే అది ఇదే. ‘మీ తప్పు కాదు’ అనే మాట ఆవిడకు రాక కాదు. అది ఆవిడ అంటే ఓదార్పు అవుతుంది, మీరంటే నిజం అవుతుంది. అందుకే ఆగుతున్నారు.

ఇక ఆ బోనులో నిలబెట్టిన ప్రశ్న. ‘ఆ రోజు నాలుగింటికి మీకు తెలిసినవి ఏమేమిటి?’ ఈ పద్ధతికి వేరు 1960లలో ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్ట్ దగ్గర ఉంది. డిప్రెషన్‌తో వచ్చేవాళ్ల మనసులో క్షణంలో మెరిసి పోయే వాక్యాలు కొన్ని ఉంటాయని, వాళ్లు వాటిని పరీక్షించకుండానే నిజమని తీసుకుంటున్నారని ఆయన గమనించారు. ఆ వాక్యాన్ని బయటికి తీసి, బల్ల మీద పెట్టి, ఇద్దరూ కలిసి సాక్ష్యం చూడాలన్నారు. మీరు బ్యాంకులో లోన్ ఫైల్ చూస్తారు కదా. దరఖాస్తు మీద సంతకం ఉన్నంత మాత్రాన శాంక్షన్ చేయరు, కాగితాలు అడుగుతారు. మీ ‘నేనే చంపాను’ ఇప్పటిదాకా కాగితాలు లేకుండానే శాంక్షన్ అయిపోయింది.

కొంచెం దగ్గరగా చూద్దాం. నాలుగింటికి మీకు తెలిసింది: నాన్నకు పొట్ట పైన పట్టేసింది, ఆయాసం, పాత గ్యాస్ ఇబ్బంది. మీకు తెలియనిది: షుగర్ చాలాకాలంగా ఉన్నవాళ్లలో గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండా ఇలా అజీర్తిలా, ఆయాసంలా రావచ్చునని. ఇది మీకెప్పుడు తెలిసింది? మూడో పేజీలో మీరే రాశారు, దినాలు అయ్యాక రాత్రిళ్లు ఫోన్లో వెతికి చదివానని. అంటే ఏప్రిల్‌లో తెలిసిన విషయంతో మార్చి 31 నాటి మనిషికి శిక్ష వేస్తున్నారు. జరిగిపోయాక వెనక్కి చూస్తే అంతా ముందే తెలిసిపోయేదిగా అనిపించడం మనుషులందరికీ ఉన్న గుణమే. బరూక్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1975లోనే దాన్ని ప్రయోగాలతో చూపించారు. ఫలితం తెలిసినవాళ్లు ఆ ఫలితం ముందే ఊహించదగ్గదేనని అంటారు, అలా అనిపించడానికి కారణం ఫలితం తెలియడమేనని మాత్రం గుర్తించరు.

చూడండి, ఇదంతా నేను చెప్పేశాను. మీరు చదివి “అవును, నిజమే” అనుకుంటారు, రాత్రి పదకొండింటికి మళ్లీ పాత వాక్యమే వస్తుంది. నేను చెప్పడానికీ, ఆవిడ అడిగి మీ చేత చెప్పించడానికీ ఉన్న తేడా మీకే తెలుస్తుంది. పత్రికలో జవాబు రాసే నాకు చెప్పడం తప్ప వేరే దారి లేదు. ఆవిడకుంది.

మీరు గమనించిన రెండో సంగతికి నిజంగా మెచ్చుకోవాలి. కొన్ని మాటలకు ముందుకు వంగుతుంది, కొన్నిటిని వదిలేస్తుంది అన్నారు. మీరు పొరబడలేదు. కార్ల్ రోజర్స్ అనే ప్రఖ్యాత థెరపిస్ట్ ఉండేవారు. క్లయింట్ ఏం చెప్పినా తీర్పు లేకుండా ఒకే రకంగా స్వీకరించాలన్నది ఆయన బోధ. 1966లో చార్లెస్ ట్రువాక్స్ అనే పరిశోధకుడు, రోజర్స్ స్వయంగా చేసిన సెషన్ల రికార్డింగులు తీసుకుని ఒక్కొక్క ముక్కా పరిశీలించాడు. అంతటి రోజర్స్ కూడా తెలియకుండానే కొన్ని రకాల మాటలకు ఎక్కువ ఆదరంగా స్పందిస్తున్నారు. ఆయన ఆదరించిన రకం మాటల్లో చాలావరకు, సెషన్లు గడిచేకొద్దీ క్లయింట్ నోటి నుంచి ఎక్కువగా రావడం మొదలైంది. ‘ఊఁ’ అన్న చిన్న శబ్దం కూడా ఓ మాటకు నీళ్లు పోస్తుంది. పట్టించుకోకపోతే మరో మాట వాడిపోతుంది.

‘నేనెందుకూ పనికిరాను’ అన్నదానికి ఆవిడ స్పందించకపోవడం మీకు నిర్లక్ష్యంలా తోచింది. బాధ కలగడం సహజమే. కానీ ఆ వాక్యంలో పరీక్షించడానికి ఏమీ లేదు. అది సంఘటన కాదు, మీకు మీరు వేసుకున్న ముద్ర. దాన్ని పట్టుకుని వాదిస్తే మళ్లీ ఓదార్పూ ఎదురువాదనే. ‘ఆరింటికి మళ్లీ చేశాను’ అన్నది మాత్రం జరిగిన విషయం. ‘నాన్నను పట్టించుకోలేదు’ అనే మీ కథలో ఎక్కడా ఇమడని విషయం. ఆరు పేజీల మీ ఉత్తరంలో కూడా అది ఒక్కసారే వచ్చింది, అదీ ఆవిడ మీద ఫిర్యాదులో భాగంగా. ఆ ఒక్క వాక్యం దగ్గర ఆవిడ ఆగకపోయి ఉంటే నేనూ దాటిపోయేదాన్నేమో.

మరి ఇది మళ్లించడం కాదా అన్నారు. న్యాయమైన అనుమానం. క్రిస్టీన్ పడెస్కీ అనే థెరపిస్ట్ 1993లో తోటి థెరపిస్టుల ముందు సరిగ్గా ఈ ప్రశ్నే లేవనెత్తారు: మనం ప్రశ్నలు వేసేది ఎదుటి మనిషి అభిప్రాయం మార్చడానికా, లేక ఆ మనిషి తానే ఏదో కనుక్కోవడానికి తోడుండటానికా? జవాబు ముందే జేబులో పెట్టుకుని, మీరు అక్కడికి చేరేదాకా ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తుంటే అది మొదటి రకం. మీకూ బోనులా ఉంటుంది. ‘ఆ మాట ఇంతవరకు చెప్పలేదే’ అనడంలో మాత్రం ఆశ్చర్యం ఉంది. ఆవిడకూ అది కొత్తే. అది రెండో రకం అని నాకనిపిస్తోంది. గదిలో ఉన్నది మీరు కాబట్టి తేల్చాల్సింది మీరే. ఒక ఆనవాలు చెబుతాను. మీరు “కాదు, అలా కాదు” అన్నప్పుడు ఆవిడ ఏం చేస్తున్నారో చూడండి. తన దారిలోకే మళ్లీ లాగితే జాగ్రత్తపడండి. “అయితే ఎలాగో చెప్పండి” అని మీ వెంట వస్తే అది మంచి గుర్తు.

ఇంకో మాట. ఇది కొందరు ఒప్పుకోరు, నేను గట్టిగా నమ్ముతాను. మీ వాక్యంలో రెండు వాక్యాలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి, ‘నాన్నను నేను చంపాను.’ రెండోది, ‘నాన్న ఫోన్ చేస్తే పని తొందరలో త్వరగా పెట్టేశాను.’ మొదటిది నిలబడదు. ఆ సాయంత్రంలో మీరొక్కరే లేరు. పక్కన అమ్మ ఉన్నారు, ఎనిమిదింటికి చూసిన ఆర్‌ఎంపీ ఉన్నాడు, పొద్దుట్నుంచి ఇబ్బందిగా ఉన్నా నాలుగింటిదాకా ఎవరికీ చెప్పని నాన్న ఉన్నారు, ఇరవై ఏళ్ల షుగర్ ఉంది. వీళ్లెవరినీ దోషులుగా నిలబెట్టమనడం లేదు. మీ కథలో వీళ్లంతా మాయమై మీరొక్కరే మిగిలారు, అది లెక్క తప్పు. రెండో వాక్యం మాత్రం నిజం. ఏ థెరపీ దాన్ని తుడిచేయదు, తుడవకూడదు కూడా. అది నాన్న మీద ఉన్న ప్రేమలోంచి వచ్చిన చింత. మొదటి వాక్యం విడిపోతే గానీ రెండోదాని కోసం మనసారా ఏడవలేరు. ఇప్పుడు మీరు ఏడుస్తున్నది నాన్న కోసం కాదు, శిక్ష కోసం. ఆ రెండిటినీ విడదీసే పనిలోనే మీ కౌన్సెలర్ ఉన్నారని నా అంచనా.

ఇక ఏం చేయొచ్చు. మానేస్తే ఒక సుఖం వెంటనే దొరుకుతుంది: గురువారం టెన్షన్ ఉండదు. కానీ ఆగుతున్నది ఎక్కడో చూడండి. కథలో ఇమడని ఒక జ్ఞాపకం పైకి వచ్చిన వారంలోనే మానాలనిపిస్తోంది. చాలామందికి సరిగ్గా అక్కడే అనిపిస్తుంది. మానేసినా నేను తప్పు పట్టను. కనీసం చెప్పకుండా మాయం కాకండి, ఆఖరి సెషన్‌కు వెళ్లి ఎందుకో చెప్పి రండి.

కౌన్సెలర్‌ను మార్చడం ఇంకో దారి. ఇద్దరి మధ్య పొత్తు కుదరకపోతే అది సబబే. కొత్తవారి దగ్గరకు వెళ్లేటప్పుడు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టేనా అని మొహమాటపడకుండా అడగండి. మీరు చెప్పినవి గోప్యంగా ఉంచమనే హక్కు 2017 నాటి మెంటల్ హెల్త్‌కేర్ చట్టం మీకిచ్చింది. నష్టం ఏమిటంటే, కథ మళ్లీ మొదట్నుంచి చెప్పాలి. కొత్తావిడ వెంటనే ‘మీ తప్పేం లేదు’ అంటే రెండు వారాలు హాయిగా ఉంటుంది. ఆ హాయిని చూసి మాత్రం ఎంచుకోకండి.

మూడో దారి, నేనైతే ముందు ప్రయత్నించేది: నాకు రాసిన ఫిర్యాదే ఆవిడకు చెప్పడం. “మేడమ్, మీరు ప్రశ్నలు అడుగుతుంటే నన్ను అనుమానిస్తున్నట్టుంటోంది. నేను పనికిరానని అన్నప్పుడు మీరు మాట్లాడకపోతే నా బాధ మీకు పట్టలేదనిపిస్తోంది.” ఇంతే. దీనికి ఆవిడ జవాబు మీకు చాలా చెబుతుంది. నొచ్చుకుంటే, లేదా అదీ మీ సమస్యేనని తోసేస్తే, మార్చడానికి అదే కారణం. “మంచి పని చేశారు చెప్పి, నేనెందుకు అలా ఆగుతున్నానంటే...” అని విప్పి చెబితే, తర్వాతి సెషన్లలో ఆ ప్రశ్నలే వేరుగా వినిపిస్తాయి. అందులో ఇంకో లాభం కూడా ఉంది. మీరు ఎవరికైనా ‘నన్ను బాధపెట్టారు’ అని ముఖాన చెప్పి ఎంతకాలమైంది? అన్నయ్యకు చెప్పారా? చెప్పలేదని రాశారు. ఇక్కడ చెప్పడం వస్తే అక్కడా వస్తుంది.

వీటిలో ఏది చేసినా, నిద్రలేమి ఇంతకాలం ఉంది, బతుకు మీద విసుగు మొదలైంది కాబట్టి, సైకియాట్రిస్ట్‌ను ఒకసారి కలవమని కోరతాను. మందులు వాడితే కౌన్సెలింగ్ మానాలని లేదు, రెండూ కలిపి నడుస్తాయి. నిద్ర పడితే ఆవిడ ప్రశ్నలు కూడా కాస్త తేలికపడతాయి.

‘ఆ సాయంత్రం ఏం జరిగిందో అమ్మను ఒకసారి అడగగలరా?’ అని కౌన్సెలర్ అన్నారనీ, భయమేసి మాట మార్చారనీ రాశారు. భయం నాకర్థమవుతోంది. అమ్మ కూడా అన్నయ్యలా అంటే? అనొచ్చు. ఆవిడ మనసులో ఏముందో మీకూ నాకూ తెలియదు. కాకపోతే పద్నాలుగు నెలలుగా మీరు దూరంగా ఉండటాన్ని ఆవిడ ఎలా అర్థం చేసుకుంటున్నారో కూడా మీకు తెలియదు. ఇంట్లో పక్కనే ఉండి కూడా గుర్తుపట్టలేకపోయానని ఆవిడ కుమిలిపోతున్నారేమో. అడిగితే నొప్పి ఒక్కసారే వస్తుంది, అడగకపోతే రోజూ కొంచెం కొంచెం వస్తుంది. తొందరేం లేదు. ముందు కౌన్సెలర్‌తో కూర్చుని ఎలా అడగాలో, అమ్మ కోప్పడితే ఏం చేయాలో అనుకుని వెళ్లండి. అన్నయ్య మాటకు జవాబు అంతకన్నా ఆలస్యమైనా ఫర్వాలేదు. తండ్రి పోయిన పదకొండో రోజున అతనూ తన తప్పు ఎవరి మీదో దించుకుంటున్నాడని నాకనిపిస్తోంది. మీరిప్పుడే అలా అనుకోవాలని లేదు.

మీ ఆయన మాటను తప్పుగా తీసుకోకండి. ప్రతి గురువారం మీరు ఎర్రబడ్డ కళ్లతో ఇంటికి రావడం ఆయన చూస్తున్నారు. కావాలంటే ఒక సెషన్‌కు ఆయన్నీ తీసుకురావచ్చేమో కౌన్సెలర్‌ను అడగండి.

ఆరింటి ఫోన్ నాలుగింటి ఫోన్ కంటే ఎక్కువసేపు సాగిందా, ఎత్తింది ఎవరు, నాన్న అయితే ఏమన్నారు, మీరేమన్నారు, ఇవేవీ మీ ఉత్తరంలో లేవు. నాకు రాయక్కర్లేదు. గురువారం ఆవిడ అడక్కముందే మీరే మొదలుపెట్టి చెప్పండి.